మంచు తుఫానుకు ముందు ఇల్లు సర్దుకోవడం: కరెంటు పోతుందనే లెక్కతో ఒక సమగ్ర మార్గదర్శి

మంచు ఎంత పడినా ఇల్లు వెచ్చగా ఉండి, కుళాయిలో నీళ్లు వస్తున్నంతసేపు పెద్ద ఇబ్బందేమీ ఉండదు. పిల్లలకైతే అది సెలవే. కరెంటు పోయిన గంట నుంచి లెక్క మారుతుంది. హీటింగ్ ఆగిపోతుంది, పైపుల్లో నీళ్లు గడ్డకట్టడం మొదలవుతుంది, ఫోన్లు ఒక్కొక్కటే ఆరిపోతాయి. చలికి ఓర్చుకోలేక మనుషులు మామూలప్పుడు చేయని పనులు చేస్తారు. 2021 ఫిబ్రవరిలో అమెరికాలోని టెక్సస్‌లో జరిగింది ఇదే. 40 లక్షలకు పైగా ఇళ్లు, వ్యాపారాలు చీకట్లో ఉండిపోయాయి. పైపులు పగిలాయి, నీటి సరఫరాలో ప్రెజర్ పడిపోయింది, లక్షలాది మందికి నీళ్లు మరిగించుకుని తాగమని చెప్పాల్సి వచ్చింది. 200 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమందిని బలి తీసుకున్నది చలి. ఇంట్లో వేడి కోసం చేసిన ప్రయత్నాల వల్ల విషవాయువు పీల్చి పోయినవాళ్లూ ఉన్నారు.

కాబట్టి సిద్ధమయ్యేటప్పుడు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: మూడు రోజులు కరెంటు లేకపోతే ఈ ఇంట్లో ఎలా గడుస్తుంది? సరుకులు తెచ్చుకోవడం అందులో చిన్న భాగం. దుకాణంలో దొరకని పనులే ఎక్కువ. అవి కూడా ఒక క్రమంలో చేసుకుంటే టెన్షన్ సగం తగ్గుతుంది.

1. వాతావరణ సూచనలో ఏం చూడాలి

ఎన్ని సెంటీమీటర్ల మంచు పడుతుందన్న అంకె మీదే అందరి కళ్లూ ఉంటాయి. దానికంటే ముందు మూడు విషయాలు చూడండి: గడ్డకట్టే వాన ఉందా, గాలి ఎంత, తుఫాను వెళ్లాక రాత్రి ఉష్ణోగ్రత ఎంతకు దిగుతుంది.

గడ్డకట్టే వాన అంటే వడగళ్లు కావు. పైన వెచ్చటి గాలి పొరలో మంచు కరిగి చినుకవుతుంది. నేలకు దగ్గర్లో మాత్రం సున్నా డిగ్రీల కంటే తక్కువ చలి ఉంటుంది. చినుకు నీటిగానే దిగి, కొమ్మకో తీగకో తగలగానే గడ్డకట్టి అంటుకుపోతుంది. ఆ పొర ఒక సెంటీమీటరు దాటిందంటే తీగల మీద వందల కిలోల అదనపు బరువు పడుతుంది, చెట్ల కొమ్మలు విరిగి వాటి మీదే పడతాయి. 1998 జనవరిలో కెనడాలోని క్విబెక్, ఒంటారియో ప్రాంతాల్లో ఇలాంటి వాన రోజుల తరబడి కురిసి హైటెన్షన్ టవర్లు సైతం కూలిపోయాయి. కొన్ని ఇళ్లకు కరెంటు తిరిగి రావడానికి వారాలు పట్టింది. ముప్ఫై సెంటీమీటర్ల పొడి మంచు కంటే ఒక సెంటీమీటరు గడ్డకే నేను ఎక్కువ భయపడతాను.

తుఫాను దాటిపోయాక ఆకాశం తేటపడితే నేల మీది వేడి పైకి పోయి, ఆ తర్వాతి రాత్రి ఇంకా చల్లగా ఉండటం మామూలే. మంచు ఆగిందని పైపుల సంగతి మరిచిపోయేది సరిగ్గా అప్పుడే.

2. మూడు రోజుల ముందు: కరెంటుతో నడిచేవేంటో తేల్చుకోండి

ఇంట్లో ఒక చుట్టు తిరిగి, కరెంటు లేకపోతే ఏది ఆగిపోతుందో కాగితం మీద రాయండి. కొన్ని ఆశ్చర్యపరుస్తాయి. ఇంటిని వేడిచేసే గ్యాస్ ఫర్నేస్ ఉంది కదా, చలికి భయం లేదనుకుంటారు. గ్యాస్ మండేది నిజమే. కానీ వేడి గాలిని గదుల్లోకి తోసే ఫ్యానుకీ, దాన్ని నడిపే బోర్డుకీ కరెంటు కావాలి. ట్యాంకు లేని వాటర్ హీటరూ అంతే. బోరు మోటారు మీద ఆధారపడ్డ ఇంట్లో కరెంటుతో పాటే నీళ్లూ పోతాయి. గరాజ్ తలుపు మోటారుదైతే దాన్ని చేత్తో ఎత్తే తాడు ఎక్కడుందో చూసి, ఒకసారి లాగి తెరిచి చూడండి. చీకట్లో, చలిలో నేర్చుకునే పని కాదది.

ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్, నెబ్యులైజర్, ఫ్రిజ్‌లో పెట్టే ఇన్సులిన్ వంటివి ఉన్న ఇంట్లో ముందు ఆలోచించాల్సింది వాటి గురించే. కరెంటు సంస్థకు ముందే చెప్పి పెట్టుకునే వీలుందేమో అడగండి, డాక్టర్‌తో మాట్లాడండి, కనీసం వారానికి సరిపడా మందులు తెచ్చుకోండి. బ్యాకప్ లేకపోతే తుఫాను రాకముందే కరెంటు పోయే అవకాశం తక్కువున్న బంధువుల ఇంటికి వెళ్లడం మంచిది. తుఫాను మధ్యలో అంబులెన్స్ కోసం చూడటం కంటే అది ఎంతో నయం.

ఈ చుట్టులోనే రెండు పనులు ముగించండి. ఒకటి, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు చేరితే మోగే అలారం బటన్ నొక్కి చూడటం, కొత్త బ్యాటరీ వేయడం. పడకగదుల దగ్గర ఒకటి, ప్రతి అంతస్తులో ఒకటి ఉండాలి. రెండోది, ఫర్నేస్ పొగ గొట్టం బయట గోడ మీద ఎక్కడ తేలుతుందో చూసుకోవడం. కొత్తరకం ఫర్నేసులకు అది నేలకు కొంచెం ఎత్తులో ప్లాస్టిక్ పైపులా ఉంటుంది. మంచు పేరుకుంటే మూసుకుపోతుంది.

3. పైపులు: ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే

నీరు గడ్డకట్టినప్పుడు దాని పరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. గడ్డ కట్టిన చోటే పైపు పగులుతుందనుకుంటాం గానీ, చాలాసార్లు జరిగేది వేరు. గడ్డకీ, మూసి ఉన్న కుళాయికీ మధ్య చిక్కుకున్న నీటి మీద ఒత్తిడి పెరుగుతూ పోయి, ఆ మధ్యలో ఎక్కడో పైపు చీలుతుంది. కుళాయిని కొంచెం వదిలి ఉంచమనేది అందుకే. నీళ్లు కదులుతుంటే గడ్డకట్టడం ఆలస్యమవుతుంది, ఒకవేళ కట్టినా ఒత్తిడి బయటికి పోయే దారి ఉంటుంది.

బయట ఉష్ణోగ్రత మైనస్ 6, 7 డిగ్రీలకు దిగుతుందంటే రక్షణ లేని పైపులకు ప్రమాదం మొదలైనట్టే. బయటి గోడల్లోంచి వెళ్లేవి, అటకమీద ఉండేవి, నేల కింద ఖాళీలోనో గరాజ్‌లోనో ఉండేవి ముందు గడ్డకడతాయి.

మొదట ఇంటికి వచ్చే నీళ్లన్నిటినీ ఆపే మెయిన్ వాల్వ్ ఎక్కడుందో కనుక్కోండి. మీకొక్కరికే తెలిస్తే చాలదు. ఇంట్లో పెద్దపిల్లలతో సహా అందరికీ చూపించి, ఒకసారి తిప్పించండి, వాల్వ్‌కి ఒక రంగు గుడ్డ కట్టండి. ఏళ్ల తరబడి తిప్పని వాల్వ్ బిగుసుకుపోయి ఉంటుంది. ఆ విషయం ఇప్పుడు తెలిస్తే ప్లంబర్‌ను పిలిచే టైమ్ ఉంటుంది.

తర్వాత తోటకు నీళ్లు పెట్టే పైపుని కుళాయి నుంచి ఊడదీయండి. అది తగిలించి ఉంటే నీళ్లు లోపలే నిలిచి, గడ్డ గోడలోకి పాకుతుంది. లోపలివైపు ఆ కుళాయికి వేరే వాల్వ్ ఉంటే దాన్ని కట్టేసి, బయటి కుళాయి తెరిచి ఉన్న నీళ్లు వదిలేయండి. కనిపించే పైపులకు ఫోమ్ తొడుగులు వేయండి. అవి దొరక్కపోతే పాత తువ్వాళ్లు చుట్టి టేపు వేసినా ఆ పూటకు పనికొస్తాయి.

తుఫాను రాత్రి వంటగది, బాత్‌రూమ్ సింకుల కింద క్యాబినెట్ తలుపులు తెరిచి ఉంచండి, గదిలోని వేడి పైపులకు తగలాలి. చిన్నపిల్లలున్న ఇంట్లో అంతకంటే ముందు అక్కడి క్లీనింగ్ సీసాలు తీసి పైన పెట్టేయండి. బయటి గోడవైపు ఉన్న కుళాయిల్లో వేడి నీళ్లది, చన్నీళ్లది రెండూ సన్నగా కారేలా వదలండి. ఊళ్లో నీటి ప్రెజర్ తగ్గుతోంది, వదలొద్దని అధికారులు చెబితే మాత్రం ఆ మాట వినండి.

కరెంటు పోయి, ఇంటి లోపలి ఉష్ణోగ్రతే 4, 5 డిగ్రీలకు పడిపోతుంటే ఇక కుళాయి కారితే సరిపోదు. మెయిన్ వాల్వ్ కట్టేసి, అన్నిటికంటే కింది అంతస్తులోని కుళాయితో మొదలుపెట్టి అన్నీ తెరిచి నీళ్లు ఖాళీ చేయండి. వాటర్ హీటర్ కరెంటో గ్యాసో ముందే ఆపాలి. రేడియేటర్లతో వేడెక్కే ఇల్లయితే బాయిలర్‌ను ఎలా ఆపాలో, ఆపాలో వద్దో, తెలిసినవాళ్లను ముందే అడిగి ఉంచుకోండి. ఇల్లు తాళం పెట్టి ఊరెళ్తున్నా థర్మోస్టాట్‌ను (ఇంటి వేడి ఎంత ఉండాలో పెట్టే మీట) 13 డిగ్రీల కంటే కిందికి దించకండి. దానివల్ల మిగిలే బిల్లు ఒక పగిలిన పైపు ఖర్చుకు ఏ మూలకూ రాదు.

4. నీళ్లు పట్టి ఉంచడం

మనిషికి రోజుకు సుమారు 4 లీటర్లు, కనీసం మూడు రోజులకు. నలుగురున్న ఇంటికి 48 లీటర్లు. ఇవి తాగడానికి, వంటకు, ముఖం కడుక్కోవడానికే. బాటిల్స్ కొనాల్సిన పనిలేదు, మూతలున్న శుభ్రమైన పాత్రల్లో కుళాయి నీళ్లు పట్టినా చాలు.

టాయిలెట్ కోసం బాత్ టబ్ నింపండి. చాలా టబ్బుల అడుగు మూత మెల్లగా కారుతుంది, తెల్లారేసరికి సగం ఖాళీ అవుతుంది. మూత మీద మందమైన ప్లాస్టిక్ కవరు పరిచి దాని మీద బరువు పెడితే కొంత ఆగుతుంది. కుళాయి నీళ్లు ఆగిపోతే ఒక బకెట్‌లో ఐదారు లీటర్లు తీసుకుని కమోడ్‌లో ఒక్కసారిగా పోయండి, ఫ్లష్ అవుతుంది. కొంచెం కొంచెంగా పోస్తే కాదు. పసిపిల్లలున్న ఇంట్లో నిండిన టబ్ ఉన్న బాత్‌రూమ్ తలుపు గడియపెట్టి ఉంచాలి.

5. ముందురోజు: రోజువారీ పనులు ఖాళీ చేసుకోండి

ఈ పనులు లిస్టుల్లో కనిపించవు గానీ మూడో రోజు ఇల్లు ఎలా ఉంటుందో తేల్చేవి ఇవే. మాసిన బట్టల బుట్ట ఖాళీగా ఉండాలి. తడిసిన సాక్సులు, చేతి తొడుగులు మార్చుకోవడానికి పొడివి లేకపోతే చలి రెట్టింపవుతుంది. సింకులో గిన్నెలు ఉండకూడదు, వేడి నీళ్లు లేకుండా జిడ్డు కడగడం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. చెత్త బయటపెట్టేయండి. అందరూ ఆ సాయంత్రమే తలస్నానాలు ముగించాలి. ఇల్లు మామూలు కంటే రెండు డిగ్రీలు ఎక్కువ వేడి చేసి పెట్టుకుంటే కరెంటు పోయాక చల్లబడటానికి ఇంకాస్త టైమ్ పడుతుంది.

మంచు తీసే పారను షెడ్డులోంచి ఇంట్లోకి తెచ్చి తలుపు పక్కన పెట్టండి. షెడ్డు తలుపుకు అడ్డంగా మంచు పేరుకుంటే ఆ పార తీయడానికి ఇంకో పార కావాల్సి వస్తుంది.

టార్చి లైట్లు ఒకేచోట పెట్టండి, ఎవరు తీసినా అక్కడే పెట్టాలని ఇంట్లో చెప్పండి. ఫోన్లు, పవర్ బ్యాంకులు, ల్యాప్‌టాప్ అన్నీ ఫుల్ చార్జ్ చేయండి. ల్యాప్‌టాప్ నుంచి ఫోన్ చార్జ్ చేసుకోవచ్చని చాలామందికి గుర్తు రాదు. ముఖ్యమైన నంబర్లు కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించండి. కారులో పెట్రోలు కనీసం సగం ట్యాంకు, ఎలక్ట్రిక్ కారైతే నిండా చార్జి. చలిలో దాని రేంజ్ తగ్గుతుంది. కొంచెం నగదు దగ్గర పెట్టుకోండి, కార్డు మెషీన్లకూ కరెంటే కావాలి.

కొనాల్సినవి త్వరగా చెప్పేస్తాను: వండకుండా, ఫ్రిజ్ అక్కర్లేకుండా తినగలిగేవి, చేత్తో తిప్పే డబ్బా కట్టర్, పసిపిల్లల పాలపొడి, డైపర్లు, పెంపుడు జంతువుల తిండి, టార్చి బ్యాటరీలు, ఉప్పు లేదా ఇసుక.

6. ఫ్రిజ్ లెక్కలు

తలుపు తెరవకపోతే ఫ్రిజ్ సుమారు 4 గంటలు చల్లగా ఉంటుంది. నిండుగా ఉన్న ఫ్రీజర్ దాదాపు 48 గంటలు, సగం నిండినది 24 గంటలు నిలబడుతుంది. అందుకే ఫ్రీజర్‌లో ఖాళీలున్నచోట నీళ్ల బాటిల్స్ పెట్టి ముందే గడ్డకట్టించండి. మెడ దాకా నింపకండి, పగులుతాయి. తర్వాత అవే తాగే నీళ్లు కూడా అవుతాయి. ఇంకో చిట్కా: ఒక కప్పులో నీళ్లు గడ్డకట్టించి, పైన ఒక నాణెం పెట్టి ఫ్రీజర్‌లో ఉంచండి. తర్వాత చూసినప్పుడు నాణెం అడుగున ఉంటే మధ్యలో మొత్తం కరిగి మళ్లీ గడ్డకట్టిందని అర్థం. అప్పుడు లోపలి పదార్థాలు పారేయడమే మేలు.

బయటంతా మంచే కదా, తిండి వరండాలో పెడదాం అనిపిస్తుంది. ఎండ తగిలితే డబ్బా లోపల వేడెక్కుతుంది, జంతువులు వస్తాయి. బాటిల్స్‌లో నీళ్లు బయట గడ్డకట్టించి వాటిని ఫ్రిజ్‌లో పెట్టడం మెరుగు.

7. కరెంటు పోయాక: ఒక్క గదిలో కాపురం

ఇల్లంతా వెచ్చగా ఉంచాలని చూడకండి. చిన్నగది, కిటికీలు తక్కువున్నది, బాత్‌రూమ్‌కి దగ్గరగా ఉన్నది ఒకటి ఎంచుకుని అందరూ అందులోకి మారండి. మిగతా తలుపులన్నీ మూసి, కింద సందుల్లో తువ్వాళ్లు దూర్చండి. ఎండపడే కిటికీ పరదాలు పగలు తెరిచి, పొద్దు వాలగానే మూసేయండి. పిల్లల ఆట టెంటు ఉంటే గది మధ్యలో వేసి అందులో పడుకోబెట్టండి. లోపలి గాలి తక్కువ కాబట్టి ఒంటి వేడికే వెచ్చబడుతుంది, పిల్లలూ సంబరపడతారు. అందులో ఏ మంటా వెలిగించకూడదు.

ఒక్క మందపాటి స్వెటర్ కంటే పలచటివి రెండు మూడు మీద మీద వేసుకోవడం మంచిది. తలకు టోపీ, కాళ్లకు పొడి సాక్సులు. తడి నూలు బట్ట ఒంటి వేడిని లాగేస్తుంది, వెంటనే మార్చండి. పసిపిల్లల పక్కలో వదులు దుప్పట్లు వేయకండి, ఒంటికి అతుక్కుని ఉండే పొరలే వేయండి. పెద్దవాళ్లను మాటిమాటికీ పలకరిస్తుండండి. శరీర ఉష్ణోగ్రత 35 డిగ్రీల కంటే కిందికి పడితే ప్రమాదం. మాట ముద్దగా రావడం, చేతిలోవి జారిపోవడం, అయోమయం కనిపిస్తే వైద్య సహాయానికి ఫోన్ చేయండి. అప్పటిదాకా వణికిన మనిషి వెచ్చబడకుండానే వణకడం మానేస్తే అది మంచి సూచన కాదు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. నిద్రలో ఉన్నవాళ్లు మళ్లీ లేవకపోవచ్చు. బొగ్గుల కుంపటి, గ్రిల్, బయట వాడే గ్యాస్ స్టవ్వు ఇంట్లోకి తేకండి, కిటికీ తెరిచి పెట్టినా సరే. వేడి కోసం గ్యాస్ ఓవెన్ వెలిగించి తలుపు తెరిచి ఉంచకండి. గరాజ్ తలుపు తెరిచే ఉన్నా అందులో కారు స్టార్ట్ చేసి కూర్చోకండి. జనరేటర్ ఇంటికి కనీసం 6 మీటర్ల దూరంలో, పొగ ఇంటి వైపు రాకుండా ఉండాలి. దాన్ని గోడ సాకెట్లో గుచ్చి ఇల్లంతా కరెంటు ఇద్దామనుకుంటే, బయట తీగలు బాగుచేస్తున్న మనిషికి షాక్ కొట్టి చంపొచ్చు.

ఇంట్లో ఒకరికి మించి తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చేట్టు ఉండటం మొదలైతే, జ్వరం లేకపోతే, ఫ్లూ అనుకోకండి. చలిగా ఉన్నా అందరూ బయటికి వచ్చేసి అక్కడి నుంచి ఎమర్జెన్సీకి ఫోన్ చేయండి.

కరెంటు ఉండి హీటర్ వాడుతుంటే దాని చుట్టూ ఒక మీటరు ఖాళీ ఉంచండి, నేరుగా గోడ సాకెట్లోనే పెట్టండి. ఎక్స్‌టెన్షన్ తీగలు వేడెక్కి అంటుకుంటాయి. నిద్రపోయే ముందు ఆపేయండి. కొవ్వొత్తుల బదులు టార్చి వాడండి.

8. మంచు తీయడం

మంచు మొత్తం ఆగాక ఒకేసారి తీద్దామనుకుంటే బరువు పెరిగిపోతుంది. మధ్యమధ్యలో తెరిపి ఉన్నప్పుడు కొంచెం కొంచెం తీయండి. ఎత్తి విసరడం కంటే తోయడం తేలిక. చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, దాని మీద ఇంత శ్రమ గుండెకు పెద్ద భారం. గుండెజబ్బు ఉన్నవాళ్లు, శ్రమ అలవాటు లేని నడివయసువాళ్లు ఈ పని ఇంకొకరికి వదిలేయాలి. ఛాతీలో బిగువుగా అనిపిస్తే పార అక్కడే పడేసి లోపలికి రండి.

మామూలు రాతి ఉప్పు సుమారు మైనస్ 9 డిగ్రీల దాకానే పనిచేస్తుంది. అంతకంటే చలిలో కాల్షియం క్లోరైడ్ వాడాలి, లేదంటే జారకుండా ఇసుక చల్లాలి. దారి కంటే ముందు ఫర్నేస్ పొగ గొట్టం చుట్టూ శుభ్రం చేయండి. కారు స్టార్ట్ చేసే ముందు సైలెన్సర్ చుట్టూ ఉన్న మంచు తీసేయండి, లేకపోతే పొగ కారులోకే వస్తుంది. పైకప్పు ఎక్కకండి. తెగిపడిన తీగ కనిపిస్తే కనీసం పది మీటర్ల దూరం ఉండి, కరెంటు వాళ్లకు చెప్పండి.

9. కరెంటు వచ్చాక, చలి తగ్గాక

కరెంటు పోయినప్పుడే ఎలక్ట్రానిక్ సామాన్ల ప్లగ్గులు తీసేసి, ఒక్క లైటు మాత్రం వేసి ఉంచితే కరెంటు వచ్చిన సంగతి తెలుస్తుంది. తర్వాత ఒక్కొక్కటే పెట్టండి. ఫ్రిజ్‌లో పాలు, వండిన కూరల వంటివి 4 డిగ్రీలకు మించిన వేడిలో రెండు గంటల కంటే ఎక్కువసేపు ఉంటే పారేయండి. రుచి చూసి తేల్చుకోకండి. నీళ్లు మరిగించుకోమని ప్రకటన ఉంటే, బాగా తెర్లే నీళ్లను ఇంకో నిమిషం ఉంచి దించండి. బాగా ఎత్తైన కొండ ప్రాంతాల్లో మూడు నిమిషాలు.

ఏదైనా కుళాయిలో నీళ్లు రాకపోతే ఆ పైపు గడ్డకట్టినట్టే. కుళాయి తెరిచి ఉంచి, కుళాయి దగ్గర మొదలుపెట్టి వెనక్కి వెళ్తూ హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేయండి. అప్పుడు కరిగిన నీళ్లకు బయటికి దారి ఉంటుంది. చుట్టూ తడి ఉంటే డ్రయ్యర్ వాడకండి, వేడి నీళ్లలో ముంచిన తువ్వాళ్లు చుట్టండి. మంట మాత్రం చూపించకండి.

పైపు పగిలినా గడ్డ కరిగేదాకా లీకు బయటపడదు. కాబట్టి బయట వెచ్చబడిన రెండు మూడు రోజులు గోడల మీద, పైకప్పు మీద తడి మరకలు వస్తున్నాయేమో చూస్తుండండి. ఇంట్లో అన్ని కుళాయిలూ కట్టేసి నీటి మీటరు దగ్గరికి వెళ్లండి. అప్పుడూ అది తిరుగుతుంటే ఎక్కడో కారుతోంది. మెయిన్ వాల్వ్ కట్టేయండి, తడిసిన చోట్ల ఫొటోలు తీసి ఇన్సూరెన్స్ కోసం దాచుకోండి, ప్లంబర్‌కు ఫోన్ చేయండి. ఆ వారం అందరూ వాళ్లకే ఫోన్ చేస్తుంటారు, వెంటనే వస్తారని అనుకోవద్దు.